గండికోటకు ఎగరని నాలుగు విమానాలు

ప్రొద్దుటూరు బస్టాండులో ఉదయం ఆరూ పదికి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కాను. నా సంచిలో ఉన్నవి: నోటు పుస్తకం, నీళ్ళ సీసా, అమ్మ కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని, పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు నేనే బాగుచేసిన బారోమీటరు. అది పగలకుండా పాతగుడ్డ చుట్టి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టాను. మా జిల్లాలో, అందులోనూ ఎన్నికల ముందు, అలా పెట్టకూడదని తట్టలేదు.

పులివెందుల బయటి చిన్న రన్‌వే నుంచి ఆ రోజు పదకొండింటికి నాలుగు రెండు సీట్ల విమానాలు గుంపుగా విహారానికి బయలుదేరాలి. జమ్మలమడుగు మీదుగా గండికోట లోయ చూసి, ప్రొద్దుటూరును ఒక చుట్టు చుట్టి వెనక్కి రావాలి. అందులో ఒకటి నడిపేవాడు రఫీ, పాలిటెక్నిక్‌లో నాకు రెండేళ్ళు జూనియరు. పక్క సీటు నాకిస్తానన్నాడు.

నాకది సరదా. వాళ్ళ నాన్న మస్తాన్ మామకు మాత్రం అలా కాదు. కువైట్‌లో వెల్డరు, రెండేళ్ళకొకసారి వస్తాడు. కొడుకు విమానం నడపడం ఒక్కసారీ చూడలేదు. ఆ సాయంత్రమే ఎర్రగుంట్లలో బొంబాయి రైలెక్కాలి. నేను బస్టాండుకు పోతూ చూసేసరికి, రఫీ పైనుంచి ఇల్లు గుర్తుపట్టాలని, మిద్దె మీద ఎర్ర దుప్పటి పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెడుతున్నాడు.

“పైనించి చెయ్యి ఊపప్పా! నువ్వు ఊపితే వాడు ఊపినట్లే. వాడు మాత్రం స్టీరింగు వదలగూడదు!” అని అరిచాడు.

జమ్మలమడుగు దాటాక ఒక ఊరి మొదట్లో ఒక పార్టీ జెండా, చివర్లో ఇంకో పార్టీ జెండా, మధ్యలో పోలీసు పికెట్టు. కానిస్టేబులు నా డబ్బా ఊపి చూశాడు. లోపల ఏదో కదిలింది. బస్సు ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టలేదు.

“ఏందిది?”

“గాలి బరువు కొలిచేది సార్.”

“గాలికి బరువేందప్పా? పో, ఆ చేన్లోకి పోయి నువ్వే తెరువు.”

తెరిచాను. గొర్రెలు కొనడానికి సంతకు పోతున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చి ముల్లును చూశాడు. “ఏమంటాంది?”

“నిన్నటికంటే తగ్గింది తాతా. వాన రావచ్చు.”

“దీనికింత డబ్బా ఏల? నా మోకాలు నిన్ననే చెప్పె!”

అక్కడ ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. పులివెందులలో దిగేసరికి తొమ్మిదీ ఇరవై. బస్టాండు ఎదురుగా టీ తాగి ఆటోలో రన్‌వే చేరాను.

రఫీ అప్పటికే పనిలో ఉన్నాడు. ప్రొపెల్లరు అంచును వేలితో తడిమాడు. ట్యాంకు కింద నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలో పట్టి, నీళ్ళున్నాయేమోనని వెలుతురులో చూశాడు. చేతిలో చీటీ ఉంది. ప్రతి వరుసా పైకి చదివాకే టిక్కు పెట్టాడు. పాలిటెక్నిక్‌లో రికార్డులు నావి చూసి రాసినవాడు ఇతడేనా అనిపించింది.

మాకు పైన ఎండే. ఉత్తరాన కొండలు మాత్రం కనబడటం లేదు. పదిన్నరకు నేర్పే గురువు మోహనరావు గారు, వైజాగ్ వైపు మనిషి, గండికోటలో టీ కొట్టతనికి ఫోను చేశారు. స్పీకరులో అందరం విన్నాం.

“కోట కనబడుతోందా బాబూ?”

“నేను కోటలోనే ఉండా సామీ. నాకే కనపడ్ల్యా!”

అంతలో పార్టీ మనుషుల జీపొకటి వచ్చింది. జమ్మలమడుగులో వాళ్ళ పార్టీ మీటింగు మీద పూలు చల్లించాలని మూడు గంపల చామంతి రేకులు తెచ్చారు. దిగినాయన సంగతి విని నవ్వాడు. “ఏంది సార్, మబ్బుకే జడుసుకుంటే ఎట్ల? మేము బాంబుల్లో తిరుగుతాండాం. మా పక్క ఎనక్కి తిరిగినోనికి గాజులు పంపిస్తారు.”

“పంపించండి. నాలుగు జతలు,” అన్నారు మోహనరావు గారు.

తర్వాత ఆయన, విమానాలు నడిపే నలుగురినీ ఒక విమానం రెక్క కింద నిలబెట్టారు. అక్కడొక పద్ధతి ఉంది. ఒక్కొక్కరూ “పోదాం” అనో “వద్దు” అనో చెప్పాలి. ఒక్క “వద్దు” చాలు, ఎవరూ కదలరు, ఎందుకని అడగరు. వయసులో చిన్నవాడు ముందు చెప్పాలి. “నేను ముందు నోరు తెరిస్తే అందరూ నా మాటే అంటారండీ,” అని నాతో అన్నారు.

చిన్నవాడు రఫీయే. జీపు మనుషులు చూస్తున్నారు. రఫీ ప్రొద్దుటూరు దిక్కు చూశాడు. “పోదాం” అంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనాలనే కోరుకున్నాను.

“వద్దు సార్.”

మోహనరావు గారు రిజిస్టరులో నాలుగు పేర్లూ రాసి, ఎదురుగా “వెళ్ళలేదు” అని రాశారు. విమానం దించి వచ్చినవాడితో కలిపినట్టే రఫీతో చెయ్యి కలిపారు. జీపు నవ్వులతో వెళ్ళిపోయింది. పన్నెండింటికి రన్‌వే మీద ఎండ ఇంకా కాస్తూనే ఉంది. విమానాలను తాళ్ళతో నేలకు కట్టేస్తున్న రఫీ తలెత్తి చూడలేదు. నాన్నకు ఫోను చేసి “ఈపొద్దు మేము విమానంలో రాము అబ్బా” అని మాత్రం చెప్పాడు. వద్దన్నది ఎవరో చెప్పలేదు.

పన్నెండూ నలభై బస్సులో ఇద్దరం వెనక్కి బయలుదేరాం. మిగిలిన ఉగ్గాని పంచుకున్నాం. ముద్దనూరు దగ్గర వాన అందుకుంది. జమ్మలమడుగు చేరేసరికి డ్రైవరు పగలే లైట్లు వేశాడు. ఆ రన్‌వే చూడబోయేవారికి నాదొక మాట: ఎండ రోజే చూసుకుని పోనక్కర్లేదు. విమానం ఎగరడం ఎక్కడైనా చూడొచ్చు. అంతమంది ఎదుట ఒక మనిషి వద్దనడం మా వైపు నేను చూడటం అదే మొదలు.

నాలుగింటికి రఫీ వాళ్ళ ఇల్లు చేరాం. మస్తాన్ మామ పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. మిద్దె మీద దుప్పటి తడుస్తూనే ఉంది.

“మీ సారు వద్దన్యాడా?”

“లేదు అబ్బా. నేనే. అందరికంటే ముందు నేనే అన్యా.”

“నేనీడ చూస్తాంటానని తెల్సి గూడానా?”

“తెల్సే.”

మామ తాడు వదిలి గోడకానుకుని కూర్చున్నాడు.

“నువ్వు పైన తిరుగుతాంటావని నాకు కువైట్‌లో శానా దినాల్నించి నిద్ర లేదురా,” అన్నాడు. “ఇంగ నిద్ర పడతాది.”