రెండో వరుసలో క్రోటన్ మొక్క

ఆ రోజుల్లో అనంతపురంలో వానతో పని లేకుండా పెరిగినవి రెండే. ఒకటి, నేను చదివిన ట్యుటోరియల్ కాలేజీ. రెండు, ఆ కాలేజీ గ్రూపు ఫోటోలో ఏడాదికేడాది ఎక్కువవుతూ వచ్చిన క్రోటన్ మొక్కలు. మొదటిదాని సంగతి జిల్లా అంతా ఎరుగును. రెండోదాని సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒక ఏడు ఆ మొక్కల్లో నేనూ ఒకణ్ణి. నేను ఓవర్సీయరు చదువు చదివినవాణ్ణి, దేన్నయినా వరుసలో పెట్టి చెప్పడం అలవాటు. ఈ విషయంలో మాత్రం వరుస తప్పితే క్షమించాలి, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎస్సెల్సీ తప్పినవాళ్లను గట్టెక్కించడానికి మా ప్రిన్సిపాలు (ఆయన్ను ఇంట్లో భార్య కూడా అట్లాగే పిలిచేది) వేరుశనగ కాయల గోడౌనులో కొద్దిమంది పిల్లలతో ఆ కాలేజీ మొదలుపెట్టాడు. నేను చేరేనాటికి అది గోడౌను నిండి, మేడెక్కి, పక్కనున్న బండ్ల షెడ్డులోకి పాకింది. గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. గోనెసంచుల దుమ్ముకు లెక్కల పాఠం సగం తుమ్ముల్లోనే పోయేది. బయటూరి వాళ్లం గదులు అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి వచ్చే జొన్నరొట్టెల మూట కోసం బస్టాండులో కాచుకునేవాళ్లం. స్నానమంటారా, అది వీధి కొళాయి దయ. ఇంగ్లీషులో తప్పి వచ్చినవాణ్ణి కాబట్టి వీటన్నిటికీ నేను సిద్ధపడే వచ్చాను. ఫోటో సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు.

పరీక్షలు కాగానే పిల్లలు ఊళ్లకు చెదిరిపోతారు, మళ్లీ దొరకరు. అందుకని ప్రిన్సిపాలు పాసైనవాళ్ల ఫోటోను పరీక్షలకు ముందే తీయించేవాడు. ఫలితాలు వచ్చాక ఫోటోగ్రాఫరు ఆ రోజుల్లో నెగటివుగా వాడే గాజు ప్లేటు ముందేసుకుని, తప్పినవాడు నిలబడిన చోట కుంచెతో ఒక కుండీ, అందులో ఒక క్రోటన్ మొక్క దించేవాడు. ఆ ఫోటో కింద 'ఈ ఏడు మా విజేతలు' అని రాయించి గుత్తి నుంచి పామిడి దాకా కాఫీ హోటళ్లన్నిటిలో తగిలించేవారు. దాన్ని చూసే మరుసటేడు పిల్లలు చేరేవారు. తప్పడం ఖాయమనుకున్నవాళ్లను ప్రిన్సిపాలు ముందుచూపుతో వెనక వరుసలో నిలబెట్టేవాడు. తోట ఒకే చోట ఉంటే అందమని ఆయన ఉద్దేశం.

నన్ను రెండో వరుసలో నిలబెట్టాడు, కుడి నుంచి మూడోవాణ్ణి. ఆ గర్వం చాలక ఇంకో పని చేశాను. పామిడిలో నూనె మిల్లు నడిపే మా మేనమామను బతిమాలి, ఆయన చేతి గడియారం ఒక్క రోజుకు తెచ్చుకుని పెట్టుకున్నాను. అది కనపడకపోతే ఏం ప్రయోజనమని, పక్కనున్న గుత్తి పొడుగోడి భుజం మీద ఎడమ చెయ్యి వేసి మణికట్టు కెమెరా వైపు తిప్పాను. అదే వరుసలో ఎడమ నుంచి మూడోవాడు నా గదిలో ఉండే టేపు. పామిడిలో దర్జీ కొడుకు, అందుకే ఆ పేరు. వాళ్ల అబ్బా కుట్టిన కొత్త కోటు తొడుక్కుని పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

ఫలితాలు వచ్చాయి. పేపర్లో నా నంబరు ఉంది. టేపు నంబరు లేదు. రెండో వరుసలో తప్పినవాడు వాడొక్కడే. ప్రిన్సిపాలు ఫోటోగ్రాఫరుకు 'రెండో వరుస, ఎడమ నుంచి మూడోవాడు' అని చెప్పి పంపాడు. ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. గాజు ప్లేటు మీద మందు పూసిన వైపు నుంచి చూస్తే బొమ్మ అద్దంలో లాగా తిరగబడి ఉంటుంది. కుంచె పని చేసేది ఆ వైపే. పైగా ప్లేటులో మొహాలు నల్లగా, జుట్లు తెల్లగా ఉంటాయి, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఆ మహానుభావుడు ప్లేటులో ఎడమ నుంచి మూడు లెక్కపెట్టి, నన్ను నిలువునా కుండీలో నాటేశాడు.

నాయన మెట్ట చేలో ఆ ఏడు విత్తనం కూడా తిరిగి రాలేదు. నేను పాసైతే పాలిటెక్నిక్‌లో చేర్చి చదివిస్తానని మామ మాటిచ్చి ఉన్నాడు. వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. మార్కుల పట్టీ ఇంకా రాలేదు. నేను పేపరు చేతబట్టుకుని పామిడి పోతే, మామ నన్ను బజారులో కాఫీ హోటలుకు తీసుకుపోయి ఫోటో ముందర నిలబెట్టాడు.

"యాడుండావురా ఇందులో?"

నేను పేపరు చూపించాను.

"నంబరు ఎవురిదైనా కావచ్చు. నాకు మొగం చూపించు," అన్నాడు మామ.

విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు నంబర్లతో నడుస్తాయని చెప్పాను. పామిడి మొగాలతో నడుస్తుందని ఆయన అన్నాడు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి అనంతపురం పోయి ప్రిన్సిపాలు ముందు మూడు అభ్యంతరాలు పెట్టాను. ఒకటి, పాసైనవాణ్ణి చెరిపే హక్కు ఎవరికీ లేదు. రెండు, తప్పినవాడు విజేత కాడు. మూడు, నేను మొక్కను కాను. ఆయన భూతద్దంతో ఫోటోను చాలాసేపు చూసి, "మొక్క మాత్రం బాగా వచ్చిండాది లేప్పా," అన్నాడు. ప్లేటు మీద వేసిన రంగు గీకితే గాజే మిగులుతుందట. ఫోటోలు వెనక్కి తెప్పిస్తే మిగతా మొక్కల సంగతి కూడా జనం అడుగుతారట. చివరికి జాలిపడి, వచ్చే ఏడు ఫోటోలో ముందు వరుసలో నిలబెడతానని, పైసా ఇయ్యక్కర్లేదని వరమిచ్చాడు. (అప్పటికి నేను ఏ కాలేజీలో ఉండాలో ఆయన ఆలోచించలేదు.)

మరునాడు మళ్లీ పామిడి. హోటలు అరుగు మీదే టేపు వాళ్ల అబ్బా కుట్టుమిషను. ఇంగ్లీషు పేపరు చదవలేని ఆ మనిషి ఫోటో చూసి, కొడుకు గెలిచాడని వచ్చినవాళ్లందరికీ బెల్లం పంచుతున్నాడు. టేపు ఆ పక్కనే కాజాలు కుడుతూ తల ఎత్తడం లేదు. లోపల మామ కాఫీ తాగుతున్నాడు. నేను ఆయన ముందు నిలబడి నా మూడు అభ్యంతరాలు మళ్లీ మొదలుపెట్టాను. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి బయట టేపు మొహం కనబడింది. రెండోదాన్ని వదిలేసి మూడోదానికి పోయాను. మామ గ్లాసు కింద పెట్టి, మిల్లులో కాటా దగ్గర ఒక మనిషి కావాలి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

అప్పుడు టేపు సూది దిండుకు గుచ్చి లోపలికి వచ్చాడు. గోడ మీది ఫోటో దించి మామ ముందర పెట్టాడు.

"మామా, ఈ చెట్టును సరిగ్గా చూడు. చెట్టుకు చెయ్యి ఉండాది."

ఉంది. గుత్తి పొడుగోడు పాసైనవాడు కదా, వాడి భుజం చెడగొట్టడం ఇష్టంలేక ఫోటోగ్రాఫరు ఆ చేతిని వదిలేశాడు. ఆకుల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి పొడుగోడి భుజం మీద నిమ్మళంగా కూర్చుంది. దాని మణికట్టుకు గడియారం. మామ కళ్లజోడు పెట్టుకుని వంగాడు. తర్వాత తన చేతి వంక చూసుకున్నాడు.

"గడియారం నాదే," అన్నాడు చివరికి. "అయితే ఈ చెట్టు యాడ ఉండాల్సింది?"

"నా జాగాలో, మామా," అన్నాడు టేపు.

అరుగు మీద మిషను చప్పుడు ఆగిపోయింది. టేపు వాళ్ల అబ్బా లోపలికి వచ్చి, ఫోటో అందుకుని, కొడుకు బొమ్మ మీద వేలు పెట్టి అట్లాగే నిలబడ్డాడు. దెబ్బ పడుతుందని టేపు భుజాలు ముడుచుకున్నాడు.

"కోటు మాత్రం భుజాల కాడ బాగా కూర్చునిందిరా," అన్నాడాయన. ఫోటో చంకలో పెట్టుకుని, మిగిలిన బెల్లం తెచ్చి నా చేతిలో పోశాడు.

నేను పాలిటెక్నిక్‌లో చేరాను. టేపు మళ్లీ పరీక్షకు కట్టలేదు. కొన్నేళ్ల తర్వాత కరెంటు స్తంభాలు నాటించే పని మీద పామిడి పోయినప్పుడు, వాడి కొట్లో మిషను పైన గోడకు ఆ ఫోటోనే కనబడింది. కోటు ఎట్లా కుడతాడో గిరాకీకి చూపించడానికి పెట్టుకున్నాడట. ఎండకు మొహాలన్నీ వెలిసిపోయాయి. మొక్కలు మాత్రం చెక్కుచెదరలేదు.

"మేమంతా పోతాండాం. నువ్వొక్కనివే పచ్చగా ఉండావు చూడప్పా," అన్నాడు టేపు.

ప్లేటుకు ఏ వైపు కుంచె పెట్టాలో, ప్రిన్సిపాలు చేసింది ఎంత అన్యాయమో, మూడు అభ్యంతరాలూ మొదటి నుంచి వినిపించబోయాను. వాడు మెడలో టేపు తీసి నా నడుం చుట్టూ వేశాడు. నాకు కోటు కుట్టాలని ఎప్పటినుంచో ఉందట. కదలొద్దు అన్నాడు. గోడ మీది మొక్కను చూస్తూ, పొట్ట లోపలికి లాక్కుని, ఎడమ మణికట్టు కాస్త ముందుకు తిప్పి నిలబడ్డాను.