దారి మొదట్లో చుక్క

ఇనుప విడిభాగాలు చేసే ఆ కార్ఖానాలో అందరికీ ఆవిడ కంప్యూటరక్కే. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా అవసరపడలేదు. పంతొమ్మిదేళ్లుగా అక్కడి కంప్యూటర్లన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడిచాయి. నోరు పెద్దది, మనసు మెత్తన, తప్పు ఒప్పుకోవడం మాత్రం ఒంటికి పడదు. అలాంటి మనిషి జీవితంలో ఒక్క పూట గురించి చెప్పుకోవాలి.

కంప్యూటరుకి ఏదైనా ఆజ్ఞ కొడితే, ఆ పేరున్న ప్రోగ్రాం కోసం అది కొన్ని చోట్ల వరసగా వెతుకుతుంది. ఆ వరసే దాని దారి. దారి మొదట్లో చుక్క పెడితే, 'ముందు ఇప్పుడున్న ఫోల్డర్‌లోనే వెతుకు' అని అర్థం. తమ ప్రోగ్రాంలు పిలవాలంటే ప్రతిసారీ ముందు చుక్కా గీతా కొట్టాలని ఆపరేటర్లు ప్రాణం తీస్తుంటే, "సరే, ఏడవకండి" అని అందరి దారిలోనూ ఆ చుక్క పెట్టింది అక్కే. పెట్టి మరిచిపోయింది.

ఇనుము మీద ముద్రలు గుద్దే ప్రెస్సు దగ్గర కూర్చునే ఆపరేటరు నోట్లో నాలుక లేని మనిషి. ఆ పొద్దున రిజిస్టరులో తారీఖు వెయ్యాలని 'డేట్' అని కొట్టాడు. రోజూ కొట్టేదే, కొడితే తెర మీద ఆనాటి తారీఖు పడుతుంది. కానీ ముందు రోజు ఫిట్టరెవరో ఇనుము మీద తారీఖు గుద్దే ప్రోగ్రాం రాసి, దానికీ అదే పేరు పెట్టి ఆ ఫోల్డర్‌లోనే వదిలేశాడు. ప్రెస్సు దబ్బున దిగింది. దాని కింద ఇనుప రజను తుడుస్తున్న కార్మికుడి కుడి చెయ్యి మణికట్టు దాకా నుజ్జయింది. ఎముకల్లో ఆనాటి తారీఖు అచ్చుపడింది.

అతన్ని ఆసుపత్రికి పంపగానే అతని అన్న, కొలిమి దగ్గర సమ్మెట కొట్టే పెద్దన్న, ఆపరేటరు మీద పడ్డాడు. కాలరు పట్టుకుని తలను ప్రెస్సు స్తంభానికేసి మూడుసార్లు బాదాడు. కనుబొమ్మ చిట్లింది, పన్నొకటి ఊడి నేల మీద పడింది. చుట్టూ ఇరవైమంది చోద్యం చూస్తూ నిలబడ్డారు, సిగ్గులేని జనం. ఇంకోసారి బాదితే మనిషి మిగలడు.

"వాణ్ని వదులు పెద్దన్నా. తప్పు నాది" అంది తన గదిలోంచి పరుగెత్తుకొచ్చిన అక్క, తెర మీద చుక్క చూపించి సంగతంతా చెప్పి.

"ఇంత చుక్కకి నా తమ్ముడి చెయ్యి పోయిందా?"

"పోయింది. పెట్టింది నేనే."

లాగి చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి పగిలింది. రక్తం మింగేసి తన గదిలోకి పోయి, అందరి దారిలోంచీ చుక్క తీసేసి వచ్చింది. పెద్దన్న ఇంకా ఆపరేటరు కాలరు వదల్లేదు.

"ఇక అదే మాట కొట్టినా ప్రెస్సు దిగదు."

"అయితే నీ చెయ్యి పెట్టు. నేను కొడతా. దిగకపోతే వీణ్ని వదిలేస్తా."

పెట్టింది. పెద్దన్న బండ వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మూడో అక్షరం దగ్గర ఆమెకి గుర్తొచ్చింది. ఆ తెర పొద్దున తెరిచినది. మూసి మళ్లీ లాగిన్ అయ్యేదాకా అది పాత దారినే పట్టుకుని ఉంటుంది.

"ఆగు పెద్దన్నా."

"భయమేసిందా?" అని ఆఖరి మీట నొక్కేశాడు.

చెయ్యి లాక్కుంది. చిటికెన వేలి కొన మాత్రం ముద్ర కింద ఉండిపోయింది.

వేలికి గుడ్డ చుట్టుకుని, ఎడమ చేత్తో తెర మూసి, మళ్లీ లాగిన్ అయి, అదే ఫోల్డర్‌లోకి వెళ్లింది. నెత్తురు కారుతున్న చెయ్యి తిరిగి ప్రెస్సు కింద పెట్టింది.

"ఇప్పుడు కొట్టు."

పెద్దన్న మీటల మీంచి వేలు తీసేశాడు. "తీసెయ్యమ్మా. నమ్ముతా."

"నువ్వు నమ్మితే చాలదు. రేపు ఇక్కడ ఇంకొకడు చెయ్యి పెడతాడు."

పెద్దన్న ఆపరేటరు కాలరు వదిలేశాడు. వెళ్లి ఆమె చేతి పక్కన తన చెయ్యి పెట్టి, "కొట్టరా" అన్నాడు.

కంట్లో కారుతున్న నెత్తురు తుడుచుకుని ఆపరేటరు కొట్టాడు. ప్రెస్సు కదల్లేదు. తెర మీద తారీఖు పడింది. ఇద్దరూ చాలాసేపు చేతులు తియ్యలేదు.