గంగాళంలో గిటారు

నిన్న సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా వీధికి కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, వంటింట్లో ఫ్రిజ్ మూలిగింది, ఆ వెంటనే పై అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాడి గదిలోంచి సన్నగా గుయ్యిమని ఒక మోత మొదలైంది. ఆ అబ్బాయి గిటారు వాయిస్తాడు. కరెంటు పోయినప్పుడు యాంప్లిఫయరు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. మిగతావాళ్ళకు అది చికాకు పుట్టించే చప్పుడే. నేను మాత్రం చేతిలో పుస్తకం పక్కన పెట్టి వింటూ కూర్చున్నాను. అరవై ఏళ్ళ కిందట ఆ మోత వినగానే రాజలింగం చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపేవాడు. "ఆగుండ్రి. పాలు కాగనియ్యరా జర?" అనేవాడు. మా యాంప్లిఫయరు పెట్టెలోని గాజు వాల్వులు వేడెక్కి, మోత ఒక స్థాయిలో కుదురుకునేదాకా తీగ ముట్టనిచ్చేవాడు కాదు. పెళ్ళివాళ్ళు తొందరపెట్టినా అంతే.

రాజలింగానిది వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. తండ్రి తర్వాత ఆయన చేతికి వచ్చింది. మామూలు రోజుల్లో బిందెలు, తాంబాళాలు, గంగాళాలు అమ్మేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో మా పాటల పార్టీకి పెద్ద. గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఒక స్టీలు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించేవాడు. హవాయి పద్ధతి అనేవాళ్ళు దాన్ని. ఆ రోజుల్లో సినిమా పాటను గొంతు లేకుండా పాడించాలంటే అదే మార్గం. నేను అదే బజారులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పాత గిటారు ఒకటి వాయించుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన ఒకరోజు ధోవతి కోసం వచ్చి, అది అడగకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవరు నేర్పిండ్రు?" అని అడిగాడు.

"ఎవరు లేరన్నా. రేడియో విని నేర్చుకున్న."

"గందుకే. రేడియోల ఎంత వినపడ్తె గంతే వాయిస్తున్నవ్. సాయంత్రం దుకాణానికి రా. వచ్చేటప్పుడు నా ధోవతి మర్వకు."

ధోవతి తీసుకుని వెళ్ళాను. గిటారు గురించి ఒక్క మాట చెప్పలేదు. నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమని, వెనకనుంచి ఒక్కో బిందెనూ వేలి కణుపుతో కొట్టాడు. ఇత్తడి సామాను అమ్మేవాళ్ళ పద్ధతి అది. కొన్నవాళ్ళ చేతికి ఇచ్చేముందు వాళ్ళ ఎదుటే కొట్టి వినిపిస్తారు. బాగున్నది గంటలా మోగి నెమ్మదిగా తగ్గుతుంది. కంటికి కనపడని పగులు ఉంటే లొట్టలొట్టగా పలికి వెంటనే ఆగిపోతుంది. ఏది పగిలిందో చెప్పమన్నాడు. తప్పు చెప్పాను. మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు. ఎన్నాళ్ళో అలాగే గడిచింది. నాకు విసుగు పుట్టి, "నేను బిందెలు అమ్మాల్నా, గిటారు వాయించాల్నా అన్నా?" అని అడిగితే నవ్వి, "తీగ మీటుడు ఎవనికైనా అస్తది. మీటినంక అది ఎక్కడ చస్తాందో వినుడే రాదు" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తలూపాను. ఆ పెళ్ళిళ్ళ కాలానికి నన్ను కూడా పార్టీలో చేర్చుకున్నాడు.

యాంప్లిఫయరు కాజీపేటలో కొన్నాడు. రైల్వే కాలనీ డ్యాన్సులకు వాయించే ఇంజను డ్రైవరొకాయన రిటైరై మద్రాసు పోతూ సామాన్లు అమ్ముతున్నాడని యాకూబ్ భాయ్ కబురు తెచ్చాడు. యాకూబ్ మా డోలక్ మనిషి. ముగ్గురం వెళ్ళాం. వరండాలో మంచాలు, బీరువా, కుక్కపిల్ల బుట్ట మధ్య టేకు చెక్క పెట్టె ఒకటి ఉంది. ముందువైపు బట్ట, పైన బుడిపెలు. దానితోపాటు పికప్ అనే చిన్న ఇనప ముక్క. గిటారు తీగల కింద దాన్ని బిగిస్తే తీగ కదలిక కరెంటై పెట్టెలోకి పోతుంది. రాజలింగం బుడిపెలేవీ ముట్టలేదు. వంగి, పెట్టె మీద వేలి కణుపుతో కొట్టాడు. పక్కల కొట్టాడు, వెనక కొట్టాడు.

డ్రైవరు కాసేపు చూసి, "ఏమయ్యా, టెంకాయనా అది?" అన్నాడు.

"ఇంజను చక్రాలు మీ రైల్వేవాళ్ళు సుత్తెతోటి కొట్టి చూడరా సారూ?" అన్నాడు రాజలింగం.

డ్రైవరు నవ్వి, లోపలికి కేకేసి చాయ్ చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రాజలింగం ఆ పెట్టెను కింద పెట్టనివ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఇంటి ముందు దిగుతుంటే ఆయన భార్య సత్యమ్మ వదిన చూసి, "ఇంట్ల పిల్లను గూడ గింత పదిలంగ ఎత్తుకోలే ఈ మనిషి" అన్నది.

పెట్టె వచ్చాక మాకు పెళ్ళిళ్ళు పెరిగాయి. కరెంటు ఉన్న ఊళ్ళకు, లేదంటే బియ్యం మిల్లు ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోయేవాళ్ళం. అయితే జనం ఇంకొకటి అడగసాగారు. సినిమా పాటలో గిటారు కొండల్లోంచి వచ్చినట్టు వినపడుతుంది కదా, మీది పక్కింట్లోంచి వచ్చినట్టు ఉందేమిటి అని. అలాంటి మోత పుట్టించే యంత్రాలు బొంబాయి స్టూడియోలలో ఉంటాయని విన్నాం తప్ప కళ్ళతో చూడలేదు. ఒకరోజు మరిపెడలో పెళ్ళికి పోయాం. పందిట్లో సామాన్లు దించగానే రాజలింగం నేరుగా వంటలవాళ్ళ దగ్గరికి పోయి, నీళ్ళ గంగాళాలను ఒక్కొక్కటే కొట్టి వినడం మొదలుపెట్టాడు. చివరికి ఒకదాని మీద చెయ్యి వేసి, "ఇది కావాలె" అన్నాడు.

పెళ్ళికూతురి నాయనమ్మ అక్కడే కూర్చుని ఉంది. "పాట పాడ వచ్చినవా బిడ్డా, తానం చేయ వచ్చినవా?" అని అడిగింది.

"పాటకే తానం పోస్త అవ్వా. జర ఇప్పియ్యి."

గంగాళం అంచుల మీద రెండు చెక్కలు అడ్డం వేసి, పెట్టె మూతి లోపలికి చూసేటట్టు బోర్లించాడు. నన్ను ఒక తీగ మీటమన్నాడు. స్వరం ఇత్తడిలోకి దిగి, ఒక చుట్టు చుట్టి, కాస్త ఆలస్యంగా పైకి వచ్చింది. మరీ ఎక్కువ మోగుతోందని చెంబుతో నీళ్ళు పోశాడు. ఇంకాస్త పోశాడు. అంచుకు తడిగుడ్డ చుట్టాడు. నీళ్ళు ఎంత ఉండాలో కుదిరేదాకా పెళ్ళివాళ్ళు కూడా మేళం విడిచి ఆయన చుట్టూ చేరారు. ఆ రోజు గిటారు కొండల్లోంచి వచ్చిందని చెప్పను. కానీ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత మమ్మల్ని మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళతో రాజలింగం ముందే అడిగేవాడు, మీ ఇంట్లో గంగాళం ఉందా, కంచుదా ఇత్తడిదా అని.

ఆయనకు వినికిడి తగ్గుతోందని మొదట బయటపెట్టింది ఆ పెట్టె మీది ట్రెబుల్ బుడిపె. సన్నని స్వరాలను పెంచేది అది. ప్రతి పెళ్ళికీ దాన్ని కొద్దికొద్దిగా ఎక్కువ తిప్పుతున్నాడు. తీగ పలుకు గాజు పెంకులా గుచ్చుకునేది. యాకూబ్ భాయ్ ఒకసారి నవ్వుతూనే, "లింగన్నా, నా చెవులు కుడుతున్నవా ఏంది, సూది ఎక్కిచ్చినవ్?" అన్నాడు. రాజలింగం బుడిపె తగ్గించాడు. తర్వాతి పాటకు అది మళ్ళీ పైకే ఉంది. ఒకరోజు పగటిపూట నేను ఆయన దుకాణంలో ఉండగా పల్లెటూరి ఆమె ఒకతె బిందె వెనక్కి తెచ్చింది. "నువ్వు కొట్టి ఇస్తెనే కొన్న లింగయ్యా. నీళ్ళు పోస్తె ఇల్లంత తడి" అన్నది. రాజలింగం బిందె తీసుకుని కొట్టాడు. నాకు పగులు స్పష్టంగా వినపడింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత తలెత్తి, పక్కనే ఉన్న సత్యమ్మ వదిన వైపు చూశాడు. ఆమె బిందె అందుకుని, "మారుస్త తియ్యి చెల్లె" అని ఇంకొకటి తీసి, తనే కొట్టి, తనే విని ఇచ్చింది. మర్నాటి నుంచి దుకాణంలో ఆమే కూర్చుంది. ఇద్దరూ దాన్ని గురించి ఏమీ అనలేదు. అయితే ఆ ఇంట్లో దుకాణం, పాట రెండూ ఒక్క చెవి మీదే నడిచాయని మా అందరికీ తెలుసు. దుకాణాన్ని వదిన నిలబెట్టింది. పాట మాత్రం ఆయన చేతుల్లోనే మిగిలింది. దాన్ని వదిలిపెట్టే ఉద్దేశం ఆయనకు లేదు.

ఇక అలా సాగదని ములుగులో జరిగిన పెళ్ళితో తేలింది. మా పార్టీలో ఒక కట్టుబాటు ఉండేది, అదీ ఆయన పెట్టిందే. అప్పగింతల వేళ పెట్టె ఆపాలి. తల్లి ఏడుపు మీద పాట పడకూడదు. ఆ మధ్యాహ్నం భోజనాలు సాగుతున్నాయి, ఒక హుషారైన పాట అందుకున్నాం. పెళ్ళికొడుకు తరఫువాళ్ళకు బస్సు తొందర కావడంతో పందిరి అవతలి కొసలో అప్పగింతలు ముందే మొదలయ్యాయి. రాజలింగం అటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఏడుపు మా దాకా వచ్చింది. యాకూబ్ డోలక్ ఆపాడు. రాజలింగం ఆపలేదు. తల వంచుకుని, కడ్డీ జారుస్తూ, నవ్వు ముఖంతో వాయిస్తున్నాడు. గంగాళంలోంచి ఆ హుషారు పాట పందిరంతా తిరుగుతోంది. పెళ్ళికూతురి తండ్రి మా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆయనకు కోపం లేదు, అర్థం కాలేదంతే. నేను లేచి ప్లగ్గు పీకాను. వాల్వుల పెట్టె ఒక్కసారిగా ఆగదు, స్వరం కొంచెం కొంచెంగా సన్నగిల్లి పోతుంది. అది పూర్తిగా పోయాక కూడా ఆయన కొంతసేపు వాయిస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత పెట్టె పైనున్న ఎర్రదీపం ఆరిపోయి ఉండడం చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి తిరిగి చూశాడు.

జీపులో తిరిగి వస్తున్నప్పుడు అడవి గాలి హోరుమంటోంది. చాలా దూరం వచ్చాక రాజలింగం నా చెవి దగ్గరికి కాకుండా నా ముఖానికి ఎదురుగా వంగి, "ఎందరికి తెలుసు?" అన్నాడు.

నేను గట్టిగా చెప్పాను. "అందరికి."

"మా ఆమెకు?"

"అందరికంటె ముందుగాల ఆమెకే."

"ఊఁ" అన్నాడు. గిటారు పెట్టె మీద చెయ్యి వేసి, "పీకి మంచి పని చేసినవ్. నువ్వు పీకకపోతె ఆ తల్లి నన్ను జన్మల క్షమించకపోవు" అన్నాడు. వరంగల్ వచ్చేదాకా గిటారు పెట్టె మీద చెయ్యి తియ్యలేదు.

ఆ సీజను అయిపోగానే సికింద్రాబాదు పోదాం రమ్మన్నాడు. పాత పెట్టె వాల్వులు బలహీనపడ్డాయి, కొత్తది కొనాలి. పొద్దున రైలెక్కి దిగి, రోడ్డు మీది ఒక దుకాణానికి వెళ్ళాం. రెండు యాంప్లిఫయర్లు చూపించారు. పెద్దదానిలో స్వరాన్ని వణికించే బుడిపె, మోత పెట్టే బుడిపె కూడా ఉన్నాయి. ఇక గంగాళంతో పని లేదు. దుకాణాయన, "ఇది కొంటె సినిమా హాలే మీ ఊరికి తీస్కపోయినట్టు" అన్నాడు. నేను వాయించి చూశాను. లోపల నిలబడి వింటే వాయించింది నేనేనా అనిపించింది. అదే కొందామన్నాను.

రాజలింగం తల అడ్డంగా ఊపి గిటారు తను తీసుకున్నాడు. "నువ్వు రోడ్డు దాటి అవతలికి పో. వాయించేటోడు ఎంచుకోవద్దు. పందిరి ఆఖర్ల కూసున్నోడు ఎంచుకోవాలె. ఇన్ని దినాలు నేను వాయించి, మళ్ళ నేనే ఇన్న. ఇగ అది కాదు. మంచిగుంటె చెయ్యెత్తు. లేకుంటె జేబుల పెట్టుకో."

రోడ్డు దాటి ఒక సైకిలు దుకాణం ముందు నిలబడ్డాను. మధ్యలో బస్సులు, రిక్షాలు, తోపుడు బండ్లు. ఆయన గుమ్మం దగ్గరికి పెట్టె జరిపించి, స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద పెట్టెతో వాయించాడు. అంత దూరంనుంచి అది ఒకటే ముద్ద. మోత మీద మోత పడి ఏ స్వరం ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆయన తల ఊపి చిన్నదానికి మార్చాడు. బుడిపె తిప్పి నన్ను చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. తనకు వినపడని దాన్ని నా చేతిని చూసి సరిచేస్తున్నాడు. ఒకచోట, రెండు బస్సుల మధ్య, ప్రతి స్వరమూ విడివిడిగా రోడ్డు దాటి వచ్చి నా దగ్గర ముగిసింది. నేను చెయ్యి ఎత్తాను. ఆయన ఆ బుడిపెల మీదనుంచి చేతులు తీసేసి, ఆ పాట చివరిదాకా వాయించాడు. నేను ఎత్తిన చెయ్యి దించలేదు. ఆ తర్వాత ఆయన గిటారు వాయించగా నేను చూడలేదు.

చిన్న పెట్టె కొన్నాం. తిరుగు రైలులో గిటారు నా ఒళ్ళో పెట్టాడు. మరుసటి సీజను నుంచి వాయించింది నేనే. రాజలింగం మాతో అన్ని పెళ్ళిళ్ళకూ వచ్చేవాడు. గంగాళం తనే ఎంచేవాడు, ఇప్పుడు కొట్టి అంచు మీద అరచెయ్యి ఆనించి. పాట మొదలయ్యాక పందిరి చివర, చెప్పులు విడిచే చోట నిలబడి అక్కడివాళ్ళ ముఖాలు చూసేవాడు. ముసలివాళ్ళు ముందుకు వంగితే పెంచమని సైగ, ఒళ్ళో పిల్లలు ఉలిక్కిపడితే తగ్గించమని ఇంకో సైగ. నాకు తెలిసి ఒక్కసారీ పొరపడలేదు.

ఆయన పోయిన తర్వాత ఒకరోజు సత్యమ్మ వదిన నన్ను అడిగింది. "కిష్టయ్యా, ఆఖరుకు నీ గిటారన్న వినపడ్డదా ఆయనకు?"

"వినపడలే వదినా. కనపడ్డది."

నా వేళ్ళు ఇప్పుడు తీగ నొక్కలేవు. కానీ నలుగురిలో మాట్లాడాల్సి వస్తే, ఒక పేజీ రాసినా, గదిలో అందరికంటే దూరంగా కూర్చున్న మనిషి ఎవరా అని ఇప్పటికీ వెతుక్కుంటాను. ఆ మనిషి దాకా పోని మాటను తీసేస్తాను. నాకు మిగిలిన విద్య అదొక్కటే. యాంప్లిఫయర్లను ఇప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని, ఒంటరిగా కూర్చుని విని కొంటున్నారు. రోడ్డు దాటి ఎవరూ వినడం లేదు.