రూతమ్మ కొడుకు కట్టిన గ్యాసు గుంట

పుల్లలచెరువుకు పడమట, నల్లమల అంచున ఉన్న ఊరు అది. ఊరికి ఎడంగా, గుట్ట వారన, అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టినవాళ్ళ పల్లె. దావీదు పుట్టింది ఆ పల్లెలోనే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి రూతమ్మ కూలికి పోయి, ఊళ్ళో రైతు మాల్యాద్రి గొడ్లచావడి ఊడ్చి, కొడుకును మిషన్ బడిలో చదివించింది. పొయ్యి ముందు కూర్చుని ఊది ఊది ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రబడి నీరు కారుతుండేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్ళకు దావీదు, రైతులకు కొత్త పద్ధతులు నేర్పే సర్కారు ఉద్యోగి, గ్రామసేవకుడయ్యాడు. పుల్లలచెరువులో గది తీసుకుని, ఆదివారాలు మాత్రం సైకిలేసుకుని ఇంటికొచ్చి తల్లితో ప్రార్థనకు వెళ్ళేవాడు.

శిక్షణలో ఎన్నో నేర్పారు గానీ, అతని మనసుకు పట్టింది గోబర్ గ్యాసు పాఠం. పేడా నీళ్ళూ కలిపి గాలి తగలని గుంటలో మాగేస్తే గ్యాసు పుడుతుంది. దాని మంటకు పొగ ఉండదు. ఆ మాట వినగానే దావీదుకు తల్లి కళ్ళు గుర్తొచ్చాయి. భూమి పొరల్లోంచి తీసే గ్యాసైనా, దొడ్లో పుట్టే గ్యాసైనా, అది ఇచ్చే వేడిని బట్టే దాని విలువ అని చెప్పాడు పాఠం చెప్పినాయన. పౌండు నీళ్ళను ఒక్క ఫారన్‌హీటు డిగ్రీ వేడెక్కిస్తే అది ఒక బ్రిటిష్ థర్మల్ యూనిట్. ఘనపుటడుగు భూగ్యాసులో అలాంటివి వెయ్యి దాకా ఉంటే, పేడ గ్యాసులో ఆరు వందలు. అంతలోనే దేశంలో తూకాలు మారాయి. పౌండు పోయి కిలో వచ్చింది. కిలో నీళ్ళను ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెంచేది కిలోకాలరీ అంటూ పాఠం మళ్ళీ మొదలుపెట్టారు. దావీదు రెండూ వల్లె వేశాడు.

ఊళ్ళో మొదట ఒప్పుకున్నవాడు మాల్యాద్రి. అతను ఉన్నమాట ముఖానే అనేసే రైతు.

"కాలరీలు నాకెందుకు దావీదూ? అన్నం ఉడుకుతాదా లేదా, అది చెప్పు" అన్నాడు.

దావీదు వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ఐదు గొడ్ల పేడ గుంటలో ఏస్తే, దినానికి నాలుగు ఎసర్లు కాగుతాయన్నా. గుప్పెడు పేడ గూడ బయట పారెయ్యొద్దు, అంతే."

ఆ లెక్క ఊరికి అర్థమైంది. గుంట తవ్వించి, రాయి కట్టించి, పైన ఇనప డబ్బా బోర్లించారు. గ్యాసు నిండి డబ్బా పైకి లేచిన రోజున ఊరంతా దొడ్లో చేరింది. వంటింట్లో మాత్రం దావీదుకు ప్రవేశం లేదు. గడప బయట నిలబడి ఎలా తిప్పాలో, ఎప్పుడు అగ్గిపుల్ల గీయాలో చెప్పాడు. మాల్యాద్రి భార్య ఆదిలక్ష్మమ్మ భయపడుతూనే వెలిగించింది. లోపల నీలి మంట నిలబడింది. అతను దాన్ని ఆమె భుజం మీదుగానే చూశాడు. అయినా ఆ సాయంత్రం సైకిలు తొక్కుతుంటే అతనికి కాళ్ళు నేల మీద లేవు.

ఏడాది తిరిగేసరికి పెద్ద దొడ్లన్నిటా గుంటలు వెలిశాయి. "మీకెన్ని ఎసర్లొస్తుండాయి?" అని ఆడవాళ్ళు బావి దగ్గర ఒకరినొకరు అడిగేవారు. పైఅధికారులు వచ్చి చూసి దావీదు వీపు తట్టారు.

ఒక ఆదివారం సంగటి వండుతూ రూతమ్మ అడిగింది.

"ఏంది నాయనా ఆ కాలరీ?"

"నీళ్ళు కాగేదానికి పట్టే వేడిని కొలిచేదమ్మా. నీ కుండ మరగాలంటే రెండు మూడు వందలన్నా కావాల."

"అన్ని కావాల్నా! నేనెన్నడూ లెక్కబెట్టలేదురా. బుడగలొస్తే పిండి పోసేదాన్ని" అని నవ్వింది. సంగటి గెలుకుతూ, "మరి మనకెప్పుడు కడతావు?" అంది.

"మనకు గొడ్లు లేవు గదమ్మా."

"అవును, గొడ్లు లేవు" అని ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగి ఊదసాగింది. ఆ పూట గుడిసెలో పొగ ఎప్పటికన్నా దట్టంగా ఉంది. పొయ్యిలో పిడకలకు బదులు పచ్చి కంప ఉంది. దావీదు దగ్గుతూ బయటికొచ్చాడే గానీ, ఎందుకని అడగలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వైశాఖంలో రాళ్ళు పగిలే ఎండ. ఒక మధ్యాహ్నం బండి తోలే సుబ్బన్న ఆఫీసుకొచ్చి, "దావీదూ, మీ అమ్మకు ఎండదెబ్బ తగిలింది. బిరాన రా" అన్నాడు.

దావీదు చేరేసరికి రూతమ్మను మాల్యాద్రి చావడి నీడలో పడుకోబెట్టి ఉన్నారు. ఆదిలక్ష్మమ్మ మైల మాట మరిచి, తన చేత్తోనే తడిగుడ్డ వేస్తోంది. కాంపౌండరు పెట్టిన థర్మామీటరులో పాదరసం చివరి గీత దాకా పాకింది. ఆ అంకె చూడగానే దావీదు తన తువ్వాలు తడిపి తల్లి పాదాలకు చుట్టాడు.

"కట్టెల మోపు అడివి దోవలో పడిపోయినాదిరా" అని గొణిగింది రూతమ్మ. "పక్కింటి ఏసమ్మను తెచ్చుకోమని చెప్పు. నిండు మోపు."

"తెస్తుందిలేమ్మా. నువ్వు మాట్లాడొద్దు."

ఆమె పొద్దు వాలకముందే పోయింది.

సమాధి మీద మట్టి ఆరకముందే దావీదు పక్కింటి ఏసమ్మను అడిగాడు. "అంత ఎండలో అడివికెందుకు పోయింది పిన్నీ? పిడకలు లేవా?"

ఏసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిడకలు యాడివి నాయనా? నీ గుంటలొచ్చినంక ఊళ్ళో పేడంతా వాటికే పోతాండె. ఇంతకుముందు చావడి ఊడిస్తే తట్టెడు పేడ తెచ్చుకునేది. దోవన పడిందైనా దొరికేది. ఇప్పుడు పల్లె మొత్తం అడివి మీదనే బతకతాంది."

"ఒక్క మాటన్నా చెప్పలేదే నాకు!"

"చెప్తానంటే నా చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకునింది. 'నా కొడుకును ఊరంతా మెచ్చుకుంటాంది, వాని మనసు ఇరగ్గొట్టొద్దు' అనింది."

దావీదు అక్కడే, మట్టిలోనే కూలబడ్డాడు.

మూడో రోజు మాల్యాద్రి ఇంటికి వెళ్ళాడు. పల్లెకు కొంచెం పేడ విడవమని అడిగాడు. మాల్యాద్రి నొచ్చుకున్నాడు. "రూతమ్మ మా చావడిలో పెరిగిన మనిషి, నాకు బాధ లేదా? కానీ గుప్పెడు గూడ పారెయ్యొద్దని చెప్పింది నువ్వే గదా!"

గడపలో నిలబడి ఆ మాటలు విన్న ఆదిలక్ష్మమ్మ మర్నాటి నుంచి పొద్దున్నే గోడ బయట తట్టెడు పేడ పెట్టించేది. దాంతో రాత్రి వంటకు గ్యాసు చాలక తను మళ్ళీ కట్టెలే ఎగదోసుకునేది. మిగతా ఇళ్ళవాళ్ళు ఆ పని చేయలేదు. పల్లెకంతా కలిపి ఒక గుంట మంజూరు చేయమని దావీదు తిరిగాడు. గొడ్లు లేనిచోట గుంటేమిటని ఆఫీసులో నవ్వారు. పై ఏడు కూడా కరువే. మేత లేక రైతులు గొడ్లను సంతకు తోలి అమ్ముకున్నారు. ఇనప డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దిగి తుప్పు పట్టాయి. దావీదు విత్తనాలు పంచాడు, ఎరువుల మాట చెప్పాడు, గుంట మాట మాత్రం మళ్ళీ ఏ ఊళ్ళోనూ ఎత్తలేదు.

ఏటా ఎండలు ముదరగానే, అడవి దోవలో తల్లి పడిపోయిన గుట్ట మలుపు దగ్గర రెండు కుండలు పెట్టి, సైకిలుకు క్యాన్లు కట్టి నీళ్ళు మోసేవాడు. కోతులు పగలగొడితే వేరే కుండలు తెచ్చేవాడు. ఊరి పశువుల కాపరులు ఆ నీళ్ళు ముట్టేవారు కారు. మోపులు దించుకున్న పల్లె ఆడవాళ్ళు తాగి, మిగిలిన గుక్కెడు నెత్తిన చల్లుకుని పోయేవారు. వాళ్ళు ఆ మలుపు దాటి కనుమరుగయ్యేదాకా అతను ఎండలోనే నిలబడి ఉండేవాడు.