సిస్టరు గారి చుట్టాలు

మొన్న సోమవారం షుగరు పరీక్షకని మా వీధి చివరి ల్యాబుకి వెళ్లాను. పరగడుపున రమ్మన్నారు కాబట్టి ఏమీ తినకుండా, అంటే ఒక్క ఇడ్లీ మాత్రమే తిని వెళ్లాను. మోచేతి మడతలో స్పిరిటు దూది రాయగానే ఆ చల్లదనం, ఆ ఘాటు నేరుగా ముక్కుకెక్కాయి. సరిగ్గా అప్పుడే కౌంటరులో ఉన్న అమ్మాయి, హాల్లో పదిహేను మంది వింటుండగా, "ఏం టెస్టమ్మా? గట్టిగా చెప్పండి, వినబడట్లేదు!" అని కేకేసింది. ఎదురుగా నిలబడ్డావిడ చేతిలోని చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచేసుకుంది. ఆ కేక నాకు బాగా తెలుసు. ఒకప్పుడది నా గొంతులోంచే వచ్చేది. దాన్ని మాన్పించిన మనిషి రత్నకుమారి సిస్టరు గారు. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

గోదావరి ఒడ్డున ఒక గవర్నమెంటాసుపత్రిని ముప్ఫై ఏళ్లు నేనే నడిపాను. సూపరింటెండెంట్లు వచ్చేవారు, పోయేవారు, ఈ గవర్రాజు మాత్రం కదలలేదు. సరే, అంతా నమ్మేయకండి. నేను ఓపీ చీటీలు రాసే గుమాస్తాని. మూరెడు కిటికీ వెనకాల కూర్చుని పేరు, ఊరు, వయసు, జబ్బు అడిగి రిజిస్టర్లో ఎక్కించడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్లు కూడా కాదు, ఇరవై రెండు. ఆసుపత్రిని నిజంగా నడిపింది ఆడవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్న రత్నకుమారి గారే. పొట్టి మనిషి, గంజి పెట్టిన తెల్ల చీర, దారం కట్టిన కళ్లజోడు. ఆవిడకి కోపమొస్తే అరిచేది కాదు, 'అండి'లు పెంచేది. ఒక్క గుక్కలో మూడు 'అండి'లు పడ్డాయంటే కాంపౌండరు దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఎవరి పని వాళ్లు వెతుక్కునేవారు.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. పొద్దున్న పది గంటలకి ఒక తల్లీ కూతురూ నా కిటికీ ముందుకొచ్చారు. పిల్లకి పందొమ్మిదేళ్లు, కడియం వైపు మొక్కల నర్సరీలో కొమ్మలకి అంట్లు కట్టే పని. పేరు చెప్పను. చెప్పకూడదని నేర్పింది కూడా సిస్టరు గారే. పేరూ ఊరూ రాసుకుని, జబ్బేంటని అడిగాను. తల్లి కిటికీ చువ్వల మధ్య మొహం పెట్టి, "పిల్ల పాడైపోయిందండి" అంది మెల్లగా.

"పాడైపోవడమేంటి? సరిగ్గా చెప్పు!" అన్నాను. నా గొంతు సంగతి చెప్పాను కదా. వరసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఆవిడ ఇంకా మెల్లగా, "నిన్న సాయంత్రమండి. తోట మేస్త్రీ" అని ఆగిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది. అర్థమయ్యాక సిగ్గేసింది. సిగ్గేసిన గుమాస్తా ఏం చేస్తాడు? రూలు చెబుతాడు. "ఇది పోలీసు కేసమ్మా. స్టేషను నుంచి కాగితం తెస్తేగానీ చీటీ రాయకూడదు" అన్నాను. ఆ రూలు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన చెప్పాడు, ఆయనకి అంతకు ముందాయన చెప్పాడు. పిల్ల అంతసేపూ తలెత్తలేదు. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "పదవే, చెప్పాను కదా" అని తీసుకెళ్లిపోయింది.

కాసేపటికి చీటీల కట్ట కోసం సిస్టరు గారు వచ్చారు. "చూశారా సిస్టరు గారూ, స్టేషనుకి వెళ్లాల్సినవాళ్లు ఆసుపత్రికొస్తున్నారు" అంటూ, ఏదో నవ్వొచ్చే సంగతిలా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఎటు వెళ్లారండి? ఎంతసేపైందండి? చీటీ ఎందుకు రాయలేదండి?" అన్నారు. మూడు 'అండి'లు.

ఆ తరువాత జరిగింది నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. కుర్చీ తన్నేసి లేచాను. గేటు దాటి, రిక్షాలు దాటి పరిగెత్తాను. కదిలిపోతున్న బస్సుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు వేస్తే బస్సు నా పొట్టకి జానెడు దూరంలో ఆగింది. ఈ కథ మా అల్లుడికి చెప్పినప్పుడు అతను లేచి నిలబడ్డాడు కూడా. నిజానికి పరిగెత్తింది నేను కాదు, యాభై దాటిన ఆ పొట్టి మనిషి. గేటు దగ్గర ఆవిడ చెప్పులు జారిపోతే ఆగకుండా ఉత్తి కాళ్లతో వెళ్లిపోయారు. నేను కిటికీలోంచి చూసి, కాసేపు ఆలోచించి, అప్పుడు లేచి ఆ చెప్పులు తీసుకుని వెనకాల నడిచాను. పరుగు కాదు, నడకే.

నేను వెళ్లేసరికి బస్సు ఆగే ఉంది. తల్లి మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది. సిస్టరు గారు పిల్ల పక్కన నిలబడి ఉన్నారు, ముట్టుకోలేదు, ఏమీ అడగలేదు. కండక్టరు విసుక్కుంటున్నాడు. "ఏంటండి సిస్టరు గారూ, ఎక్కుతారా? బండి తియ్యాలండి!" చుట్టూ జనం చెవులు నిక్కించారు.

"మా చుట్టాలండి" అన్నారావిడ, ఎగశ్వాసతోనే. "ఇంతదూరం వచ్చి కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోతున్నారు. మీరైనా చెప్పండి, బాగుంటుందా?"

మా గోదావరి జిల్లాల్లో ఆ మాటకి ఎదురుండదు. కండక్టరు వెంటనే తల్లి వైపు తిరిగి, "దిగండమ్మా, పెద్దావిడ అంతలా అడుగుతుంటే! గంటకో బస్సుంది" అన్నాడు. బస్సులోంచి ఎవరో ముసలమ్మ, "అలిగి పోకూడదమ్మా" అని సలహా కూడా ఇచ్చింది. తల్లి కంగారుపడి కాలు కిందకి దించింది. బస్సు వెళ్లిపోయింది. అప్పుడు పిల్ల మొదటిసారి తలెత్తి సిస్టరు గారి కాళ్ల వైపు చూసింది. "చెప్పుల్లేవండి మీకు" అంది. నేను చెప్పులు కింద పెట్టాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అదీ.

వెనక్కి వస్తూ తల్లి గొణిగింది. "ఊళ్లో తెలిస్తే ఎలాగండి? కాగితం కూడా లేదు మా దగ్గర."

"మందుకి ఏ కాగితమూ అక్కర్లేదమ్మా" అన్నారు సిస్టరు గారు. "మా గవర్రాజు గారు పొరపాటున అన్నారు. ఊరికి ఏం చెప్పాలో, స్టేషనుకి వెళ్లాలో వద్దో, అది మీ అమ్మాయి నిదానంగా తేల్చుకుంటుంది. ముందు డాక్టరమ్మ చూడాలి. గర్భం రాకుండా మాత్ర ఉంది, రోగాలు అంటకుండా మందులున్నాయి. వాటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. నిన్నటి బట్టలేవమ్మా?"

"సంచీలో ఉన్నాయండి. ఉతికేద్దామనుకున్నాను."

"ఉతకొద్దు. అలాగే ఉంచండి."

ఆవిడ తన గదిలో పిల్లని కూర్చోబెట్టారు. లేడీ డాక్టరు వచ్చాక కూడా, "నువ్వు సరేనంటేనే చూస్తారు. మధ్యలో వద్దంటే ఆపేస్తారు" అని చెప్పి, పిల్ల తలూపాకే తెర లాగారు. నిన్నటి బట్టలు కాగితంలో చుట్టి సీలు వేశారు. ఇదంతా నాకెలా తెలుసంటారా? రిజిస్టరు పట్టుకుని బయట నిలబడి విన్నాను. పనుండి నిలబడ్డానని అప్పట్లో చెప్పుకున్నాను.

కాసేపటికి సిస్టరు గారు బయటికొచ్చి రిజిస్టరు తెరిచారు. జబ్బు గడిలో పొద్దున్న నేను నా చేత్తో రాసింది అలాగే ఉంది, 'పాడైన పిల్ల' అని.

"గవర్రాజు గారూ, పాడయ్యేది ఏంటండి?"

నేను పెన్ను వెతుక్కున్నాను.

"పాలు పాడవుతాయి. వండిన కూర పాడవుతుంది. మనిషి పాడవదండి. మనిషికి దెబ్బ తగులుతుందండి. ఎవరో కొట్టిన దెబ్బకి వీళ్లెందుకు పాడవ్వాలండి? ఆ మాట కొట్టెయ్యండి."

కొట్టేసి, 'దెబ్బ' అని రాశాను. తెర వెనకనుంచి పిల్ల గొంతు వినబడింది. "దెబ్బయితే మానుతుందాండి?"

"అంటు కట్టేదానివి, నన్నడుగుతావేంటమ్మా? కోసి కట్టిన కొమ్మ ఎన్నాళ్లకి అతుక్కుంటుంది?"

"నెలా నెలన్నరండి. తడి ఆరిపోకుండా చూసుకోవాలండి."

"ఆ చూసుకోవడానికే మేమున్నాం" అని సిస్టరు గారు లోపలికి వెళ్లిపోయారు.

మూడో రోజు మందులకి వచ్చినప్పుడు ఆ పిల్లే, "చెబుతానండి" అంది. సిస్టరు గారు స్టేషనుకి ఫోను చేసి ఆడ కానిస్టేబులుని తన గదికే రప్పించారు. కోర్టులో ఉచితంగా వాదించే ఒక లాయరమ్మని వెతికి పట్టుకున్నారు. తల్లి మాత్రం చాలా రోజులు మాతో ముభావంగానే ఉంది. ఊళ్లో మాటలు పడింది ఆవిడే. అయినా ఒక్కసారి కూడా కూతుర్ని ఒంటరిగా పంపలేదు. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచాయి, ప్రతిదానికీ సిస్టరు గారు సెలవు పెట్టి వెళ్లారు. చివరికి శిక్ష పడింది. ఆ రోజు పరీక్ష చేసి డాక్టరమ్మ రాసిన కాగితం గట్టిగా నిలబడిందని లాయరమ్మ చెప్పింది. తల్లి ఆ బస్సు ఎక్కేసి ఉంటే ఆ కాగితం పుట్టేదే కాదు. పిల్ల వేరే నర్సరీలో చేరింది. సిస్టరు గారి గది ముందు తొట్టెలో చాన్నాళ్లు పూసిన అంటుగులాబీ ఆమె కట్టిందే.

ఆ రోజు నుంచి నా కిటికీకి కొత్త పద్ధతి వచ్చింది. గొంతు తగ్గించి చెప్పేవాళ్లని, చెప్పలేక కొంగు మెలిపెట్టేవాళ్లని నేనింకేమీ అడిగేవాణ్ణి కాదు. "సిస్టరు గారూ, మీ చుట్టాలొచ్చారండీ!" అని లోపలికి పిలిచేవాణ్ణి. వరసలో వాళ్లు తిరిగి చూసినా వాళ్లకి కనిపించేది చుట్టాలే. కాంపౌండరు వేళాకోళమాడేవాడు. "ఈవిడకి కోనసీమంతా చుట్టాలేనండీ, పెళ్లిళ్లకి చదివింపులే చదివింపులు!" సిస్టరు గారు నవ్వి ఊరుకునేవారు.

ఒకసారి ఆవిడ సెలవులో ఉండగా ఒకావిడ ఒంటరిగా, కొంగు మెలిపెడుతూ వచ్చింది. ఆ రోజు నేను కొండలా నిలబడి అన్నీ చక్కబెట్టానని చెప్పాలనుంది. నిజానికి కంగారులో చీటీ మీద సిరా ఒలకబోశాను, మంచినీళ్లివ్వడం మర్చిపోయాను. కానీ కుర్చీలోంచి లేచి, "మా చుట్టాలండి" అని వరసకి చెప్పి, ఆవిడని లోపల కూర్చోబెట్టి లేడీ డాక్టరుని పిలుచుకొచ్చాను. ఆ ఒక్కటీ నిజం. కావాలంటే డాక్టరమ్మనే అడగండి.

సిస్టరు గారి రిటైర్మెంటు సభలో నేను మాట్లాడాను. ఊపులో ఆ బస్సు కథ నేనే పరిగెత్తినట్టు చెప్పేశాను, ఆవిడ ఎదురుగానే. జనం చప్పట్లు కొట్టారు. తరువాత ఆవిడ మైకు తీసుకుని, "గవర్రాజు గారు పరిగెత్తారో లేదో నేను వెనక్కి తిరిగి చూడలేదండి. నా చెప్పులు మాత్రం తెచ్చారు. అవి లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కాళ్లు కాలిపోయేవండి" అన్నారు. అంతమందిలో నా పరువు నిలబెట్టారు, అబద్ధమాడకుండానే.

అందుకే మొన్న ల్యాబులో ఆ కేక విని, దూది నొక్కి పట్టుకునే లేచాను. కౌంటరు దగ్గరికి వెళ్లి, "ఆవిడ మా చుట్టమమ్మా. లోపల కూర్చోబెట్టి అడుగు" అన్నాను. చీటీ దాచుకున్నావిడ నన్ను ఎన్నడూ చూసి ఉండదు. విస్తుపోయి చూసింది, కానీ కాదనలేదు. హాలంతా లేచి నిలబడిందని రాయాలని ఉంది. ఎవరూ నిలబడలేదు. కౌంటరు అమ్మాయి గొంతు తగ్గించి, "రండి మేడం, లోపల మాట్లాడదాం" అంది. చీటీ పట్టుకున్న గుప్పిట మెల్లగా విచ్చుకుంది.