దవాఖాన గచ్చు మీద బాపు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మా నాన్నను, మా బాపును, దవాఖాన గచ్చు మీద నిలబెట్టి పరీక్ష చేసిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేము మంచిర్యాల వైపు బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల లైన్లలో ఉండేవాళ్లం. బాయిలో పైనుంచి పెళ్ల పడి బాపుకు చెవి వెనక దెబ్బ తగిలింది. గాయం మానింది గాని మనిషికి నిలకడ పోయింది. చదును నేల మీద బాగానే నడిచేవాడు. రాళ్ల మీద, ఇసుకలో అడుగు పడితే పక్కకు ఒరిగిపోయేవాడు. బాయి లోపల కాళ్ల కింద అంతా బొగ్గు పెళ్లలే. బాయి బయట, పైన పని ఇప్పించమని అడిగితే, డాక్టర్ చూసి చెప్పాలన్నారు.

డాక్టర్ గోడ మీద సుద్దముక్కతో నిలువుగీత గీశాడు. బాపును దాని ముందు పాదాలు దగ్గరికి పెట్టించి కళ్లు మూయించాడు. తల ఆ గీతకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చూడటమే పరీక్ష. ఊగితేనే పైన పని. ఆ ముక్క బాపుకు ఒక్కరూ చెప్పలేదు. మా లైన్లలో ఊగే మనిషంటే తాగినోడనే లెక్క. పైగా కాంపౌండర్ అప్పుడే అడిగాడు, "పొద్దుగాలనే కల్లు తాగొచ్చినవా?" అని. జన్మలో కల్లు ముట్టని మనిషి ఆ మాటకు బిర్రబిగుసుకున్నాడు. కాలి వేళ్లతో గచ్చును పట్టుకుని, ఊపిరి బిగబట్టి గుంజలా నిలబడ్డాడు.

"ఏమీ ఊగడం లేదే. లోపలి పనికి పోవచ్చు," అన్నాడు డాక్టర్.

వరండాలో ఉన్న మా దగ్గరికి వచ్చి బాపు, "జరంత గూడ కదలలే," అని గొప్పగా చెప్పాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, సంగతి అర్థమై నెత్తి కొట్టుకుంది.

మర్నాడు బాపు వద్దంటున్నా వినకుండా అవ్వ మళ్లీ తీసుకుపోయింది. తట్టనిండా బొగ్గు మోసుకొచ్చి ఆ నున్నటి గచ్చు మీదే కుమ్మరించింది. "మీరు పంపేది గచ్చు మీదికి కాదు సారూ, దీని మీదికి. ఇప్పుడు నిలబెట్టుండ్రి."

బాపు ఎక్కి కళ్లు మూశాడో లేదో, ఒరిగిపోయాడు. అవ్వ పట్టుకుంది. వరుసలో ఉన్నవాళ్లలో ఎవరో నవ్వారు.

"బొగ్గు మీద ఎవరైనా ఊగుతారమ్మా," అన్నాడు డాక్టర్.

అవ్వ తానే బొగ్గు మీదికెక్కి, పాదాలు దగ్గరికి పెట్టి కళ్లు మూసుకుంది. ఆమె తల గీత దాటలేదు. "నేను ఊగుతున్ననా సారూ?"

డాక్టర్ పైన పని రాసిచ్చాడు. గచ్చు మాత్రం అవ్వ చేతనే ఊడ్పించారు. తనకు నిలకడ లేదని మనిషి నోరు తెరిచి చెబితే చాలదట, పదిమందిలో పడి చూపించాలట. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇల్లు చేరాక బాపు, "అందరి ముంగట నన్ను పడేస్తివి గదనే," అన్నాడు.

అవ్వ ఖాళీ తట్ట కింద పెట్టింది. "గాడ పడితే నేను పట్టుకున్న. బాయిల పడితే ఎవరు పట్టుకుంటరు?"