ఏడో స్లైడు

రాజమహేంద్రవరంలో ఒక ఆరోగ్య ప్రచార కార్యాలయంలో ప్రొజెక్షనిస్టుగా చేస్తూ, రిటైర్మెంటుకి సరిగ్గా ఏడాది ఉందనగా, ఒక జూలై నెలలో నాకు వెబ్‌సైట్ పని అప్పగించారు. ప్రొజెక్షనిస్టు అంటే ఊరూరా తెర కట్టి ఆరోగ్యం మీద సినిమాలు వేసేవాడు. హోదా ఎంతంటే, జీపులో డ్రైవరు పక్కన కూర్చునేంత, అది ఆగిపోతే దిగి తోసేంత. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. అయినా రీళ్ల యంత్రం పోయి ల్యాప్‌టాప్ వచ్చేసరికి స్లైడ్లు తయారు చేయడం నేర్చుకున్నాను. ఆఫీసులో ఇంకెవరికీ రాదు కాబట్టి నేనే నిపుణుణ్ణి.

పాముకాటు మీద నేను చేసిన పద్నాలుగు స్లైడ్లకి ఆశా కార్యకర్తల శిక్షణల్లో మంచి పేరుండేది. వాటిలో ఏడోది నా ప్రతాపం. ఒక కాలి బొమ్మ, మోకాలి కింద బిగించిన తాడు, పక్కన బ్లేడు. పైన పెద్ద అక్షరాలు: 'పాము కరిస్తే వెంటనే గట్టిగా కట్టాలి, గాటు పెట్టి రక్తం తీయాలి.' అది తెర మీద వేసి, "అంతేనాండీ?" అని అడిగేవాణ్ణి. హాలంతా "అంతేనండీ" అనేది. "కట్టి కోసేశాక ఇంక ఆస్పత్రికెందుకండీ, మాంసం కొట్టుకి తీసుకెళ్లండి" అనేవాణ్ణి. జనం నవ్వుతుండగా రిమోటు నొక్కితే ఎనిమిదో స్లైడు వచ్చేది. అదే బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. కట్టకూడదు, కోయకూడదు, కాలు కదలనివ్వకుండా విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తప్పుని ముందు వాళ్ల చేతే ఒప్పించి, తర్వాత కొట్టేస్తే బుర్రలో నిలుస్తుందని నా సిద్ధాంతం.

మా మెడికల్ ఆఫీసర్ డాక్టర్ సుగుణ గారు ఆ స్లైడ్లు ఆశా కార్యకర్తలందరికీ ఫోన్లో కనబడాలన్నారు. ఫైలు పంపితే సగం ఫోన్లలో తెరుచుకోదు, ఇంకేదో సాఫ్ట్‌వేర్ కావాలంటుంది. వెబ్‌సైట్‌లో పెడితే ఆ గొడవ లేదు, లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే కనిపిస్తుంది. పద్ధతి కూడా తేలికే. ప్రతి స్లైడునీ బొమ్మగా సేవ్ చేసి పేజీలో ఎక్కించడమే.

మా వెబ్‌సైట్ చూసే అనూష పద్నాలుగు బొమ్మలూ వరుసగా ఒకే పేజీలో పెడదామంది. నేను వద్దన్నాను. గోదావరి మధ్య లంక ఊళ్లల్లో సిగ్నల్ అంతంతమాత్రం, అన్నీ ఒకేసారి దిగవు. ఒక్కో స్లైడుకి ఒక్కో పేజీ, కింద 'తరువాత' అని బాణం, పైన ఆఫీసు ముద్ర. అలా పెడితే ప్రతి పేజీకీ సొంత లింకు ఉంటుంది.

"ఎవరైనా మధ్యలో పేజీ ఒక్కటే తెరిస్తే ఏంటండీ బాబాయిగారూ?" అంది అనూష.

"ఇంటర్వెల్ తర్వాత సినిమాకొచ్చినవాడికి కథ నేను చెప్పాలా అమ్మా?" అన్నాను.

అనూష నవ్వేసి నేను చెప్పినట్టే పేజీలు సిద్ధం చేసింది. నిబంధన ప్రకారం ఏది పెట్టినా మెడికల్ ఆఫీసర్ ఆమోదించాలి. మీటింగు హాల్లో తెర కట్టి డాక్టరు గారికి వేసి చూపించాను. ఏడో స్లైడుకి ఆవిడా నవ్వారు, సంతకం పెట్టారు. ఆవిడ చూసింది నా ప్రదర్శన. వెబ్‌సైట్‌లోకి వెళ్లినవి విడివిడి బొమ్మలు. ఆ తేడా ఇద్దరికీ తట్టలేదు.

పది రోజుల తర్వాత, ఉదయం పదకొండు గంటలప్పుడు, ద్రాక్షారామం దగ్గర ఒక ఊరి ఆశా కార్యకర్త రత్నకుమారి ఫోన్ చేసింది.

"బాబాయిగారండీ, వరి ఊడ్పుల్లో మా ఊరి సత్యవతిని పాము కరిచిందండి. కాలికి తాడు బిగించేశారండి."

"ఎవరు కట్టమన్నారమ్మా? శిక్షణలో అంత చెప్పాను కదా!"

"నేను ఇప్పుడే చేలోకొచ్చానండి. కూలీల ముఠా మేస్త్రి కట్టాడు. ఎందుకు కట్టావయ్యా అంటే మీ బొమ్మే చూపిస్తున్నాడండి. ఆఫీసోళ్ల ముద్ర కూడా ఉంది కదా, నీకు తెలుసా వాళ్లకి తెలుసా అంటున్నాడు."

ఏడో పేజీ లింకు ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారట. మేస్త్రి తెరిచాడు, చదివాడు, పనికొస్తుందని దాచుకున్నాడు. బాణం నొక్కలేదు. నొక్కాల్సిన పనేముంది, చెప్పాల్సింది అక్కడ పూర్తిగా ఉంది కదా.

"బ్లేడు?" అన్నాను.

"తేవడానికి మనిషిని పంపాడండి. వచ్చాడు. చేతిలోంచి లాగేసుకున్నానండి."

తాడు విప్పెయ్యమను అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, ఫోన్ పట్టుకునే డాక్టరు గారి గదిలోకి పరిగెత్తాను. ఆవిడ ఫోన్ అందుకుని ముందు చెప్పింది ఒకటే: "కట్టు ఇప్పుడు విప్పొద్దు. బిగించింది ఒక్కసారిగా వదిలితే విషం ఒక్కసారే పైకెళ్లచ్చు. ఆస్పత్రిలో మందు సిద్ధం చేసుకుని వాళ్లే విప్పుతారు. నడవనివ్వకుండా ఆటోలో పడుకోబెట్టి తీసుకురండి." వెంటనే ఆస్పత్రికి తనే ఫోన్ చేశారు. ఒక్క నిమిషం ముందు నేను నోరు జారి ఉంటే రెండో తప్పు కూడా నాదే అయ్యేది.

అనూష రెండు నిమిషాల్లో పేజీలన్నీ తీసేసింది. వెబ్‌సైట్‌లోంచి తీయగలం గానీ, జనం ఫోన్లలో దాచుకున్నవి ఎలా తీస్తాం? అది ఎన్ని గ్రూపుల్లో తిరుగుతోందో మాకు తెలియదు. ఎక్కడ ఎవరు తాడు వెతుకుతున్నారో. ఏడూ ఎనిమిదీ కలిపి ఒకే బొమ్మ చేశాను. ఎర్ర గుర్తు కాలి మీదే, 'కట్టకూడదు' అన్న మాట తాడు మీదే. ముందు మేస్త్రికే పంపమంది అనూష. పాతది ఏ దారిన వెళ్లిందో కొత్తదీ ఆ దారినే వెళ్లాలంది. ఈసారి వెటకారం ఆడకుండా చెప్పినట్టు చేశాను. మేస్త్రి ఏ ప్రశ్నా వేయకుండా తన గ్రూపులన్నిటికీ పంపాడని తర్వాత తెలిసింది.

ఫోన్ మోగినప్పుడల్లా రత్నకుమారేననుకుని అందుకునేవాణ్ణి. ఒకసారి కరెంటాఫీసు వాళ్లు, ఒకసారి మా ఆవిడ భోజనానికొస్తారా అని. రెండున్నరకి రత్నకుమారి చేసింది.

"కట్టు విప్పారండి. మందెక్కిస్తున్నారు. మాట్లాడుతోందండి."

వెళ్లి ఆ మాట డాక్టరు గారికీ అనూషకీ చెప్పాను.

సత్యవతి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజు చూడ్డానికి వెళ్లాను. మోకాలి కింద తాడు కోసుకున్న చోట నల్లగా చుట్టూ వాత. నేనెవరో రత్నకుమారి చెప్పింది.

"మీరేనాండీ ఆ బొమ్మేసింది?" అంది సత్యవతి. "కాలు మాత్రం అచ్చం నాదానిలాగే గీశారండి."

పక్క మంచాల వాళ్లు నవ్వారు.

సంజాయిషీ అడిగారు. విడి పేజీలు పెట్టమన్నది నేనేనని, అనూష అడిగినా వినలేదని రాసిచ్చాను. ఆమోదం తనదేనని డాక్టరు గారు దాని కిందే రాశారు. మందలింపుతో పోయింది.

ఆ తర్వాత ఏ స్లైడు వెబ్‌సైట్‌లో పెట్టాలన్నా ఒక పరీక్ష పెట్టుకున్నాను. నా ప్రదర్శన ఎప్పుడూ చూడని మనిషి ఫోన్లో, మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి ఇచ్చేవాణ్ణి. నేను మాట్లాడకూడదు. ఏం అర్థమైందో వాళ్లే చెప్పాలి. తెర పక్కన నిలబడ్డ మనిషి కూడా స్లైడులో సగం. వెబ్‌సైట్‌లో ఆ సగం ఉండదు కాబట్టి, ఒక్క పేజీయే దొరికినా అది నిజం చెప్పేలా ఉండాలి.

రిటైరయ్యేదాకా శిక్షణల్లో ఏడో స్లైడు వేస్తూనే ఉన్నాను. ఎర్ర గుర్తుతో సహా వచ్చేది. హాల్లో ఎవరూ నవ్వేవారు కాదు.